ఓవెన్ లేని వంటింట్లో ఒక ఆదివారం: దిబ్బరొట్టె, పప్పన్నం, అరటిపండు కేకు, ఉస్మానియా బిస్కెట్లు

ఇంట్లో బేకింగ్ మొదలుపెట్టాలనుకునేవాళ్ళు నన్ను ముందుగా అడిగేది, "ఏ ఓవెన్ కొనమంటారు?" అని. ఇప్పుడే ఏమీ కొనొద్దంటాను. మన ఇళ్ళలోకి ఓవెన్లు రాకముందే గోదావరి జిల్లాల్లో కింద నిప్పులు, పైన నిప్పులు పెట్టి రెండంగుళాల మందం రొట్టెని లోపలిదాకా కాల్చుకున్నారు. అది బేకింగే. పేరొక్కటే వేరు.

మా అమ్మమ్మది అమలాపురం దగ్గర పల్లె. దిబ్బరొట్టె వేసే రోజు పొద్దున్నే కొబ్బరిచిప్పలు కాల్చి బొగ్గులు చేసేది. సగం కుంపట్లో, సగం మూకుడు మీద కప్పిన ఇనపరేకు మీద. రొట్టె కాలుతున్నంతసేపూ మూత ఎత్తేది కాదు, పక్కనే కూర్చుని వినేది. పిండిలో తడి ఉన్నంతసేపూ అంచుల దగ్గర నూనె సన్నగా చిటపటలాడుతుంది. ఆ చప్పుడు మెల్లగా పలచబడి, మినప్పప్పు దోరగా వేగిన వాసన వంటిల్లంతా కమ్ముకునేసరికి పట్టకారుతో రేకు తీసేది. ఎర్రటి అంచు, తెల్లగా ఉబ్బిన పైభాగం. "మంట పెద్దది చేస్తే పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది" అని ఎన్నిసార్లు చెప్పిందో. కేకులూ బిస్కెట్లూ చేయడం నేర్చుకుంటున్నప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఆ ఒక్క మాటే. అందుకే కేకుతో కాకుండా రొట్టెతో మొదలుపెడుతున్నాను. సెగ ఎలా పనిచేస్తుందో చేతికి తెలిస్తే మిగతావి సులువు.

కింద చెప్పినవన్నీ ఒకే ఆదివారం నలుగురైదుగురికి సరిపోయేలా వరసగా పెట్టాను: పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం టీలోకి కేకు, బిస్కెట్లు. అన్నీ ఒకేరోజు చేయాలని లేదు, ఒక్కటి చేసుకున్నా చాలు. కొలతల్లో కప్పు అంటే 240 మిల్లీలీటర్లు, పెద్ద చెంచా 15, చిన్న చెంచా 5. టిఫిన్‌కీ భోజనానికీ ఇంట్లో ఏ గ్లాసుతో కొలిచినా పర్వాలేదు, బేకింగ్‌కి మాత్రం కొలత తప్పకూడదు. వంటింటి త్రాసు ఉంటే మరీ మంచిది.

దిబ్బరొట్టె

కావలసినవి తక్కువే. ఒక గ్లాసు పొట్టు తీసిన మినప్పప్పు (గుళ్ళయితే బాగా ఒదుగుతాయి), రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ, చిన్న చెంచా జీలకర్ర, ఉప్పు, నాలుగు పెద్ద చెంచాల నూనె. అంతకంటే ముఖ్యమైనది మందపాటి ఇనప మూకుడు. పలచటి అల్యూమినియం మూకుట్లో ఈ రొట్టె కుదరదు. ఒకచోట మాడి ఇంకోచోట పచ్చిగా ఉంటుంది. మందపాటి అడుగున్న నాన్‌స్టిక్ కడాయిలో వస్తుంది కానీ ఇనప మూకుడిచ్చే కరకర రాదు.

శనివారం రాత్రి పడుకునేముందు మినప్పప్పు కడిగి నానబెట్టండి. ఎండాకాలమైతే గిన్నె ఫ్రిజ్‌లో పెట్టండి, లేకపోతే తెల్లారేసరికి నీళ్ళు పులిసిన వాసన వస్తాయి. పొద్దున లేవగానే ఇడ్లీ రవ్వలో నీళ్ళు పోసి గంటసేపు వదిలేయండి.

పప్పు రుబ్బేటప్పుడు నీళ్ళు ఒకేసారి పోయకండి. చెంచాలతో చిలకరిస్తూ రుబ్బాలి. గ్రైండరైతే ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. మిక్సీ అయితే చల్లటి నీళ్ళు వాడి, ఆపి ఆపి తిప్పండి, జార్ వేడెక్కితే పిండి ఒదగదు. సరిగ్గా నలిగిందో లేదో తెలుసుకోవాలంటే చిన్న ముద్ద తీసి గిన్నెడు నీళ్ళలో వేయండి. తేలితే పిండిలో గాలి నిండినట్టే. మునిగితే ఇంకాసేపు రుబ్బాలి. రొట్టె లోపల దూదిలా ఉండటానికి కారణం ఈ గాలే, సోడా అక్కర్లేదు.

ఇప్పుడు రవ్వని మూడుసార్లు కడిగి, నీళ్ళు వంచేసి, పిడికిట్లోకి తీసుకుని గట్టిగా పిండుతూ పిండిలో వేయండి. చాలామందికి రొట్టె చెడేది ఇక్కడే. రవ్వలో నీళ్ళు మిగిలితే పిండి జారైపోతుంది, జారు పిండి ఎంతసేపు కాల్చినా లోపల బంకగా ఉంటుంది. పిండి గారెల పిండికంటే కాస్త పలచన, ఇడ్లీ పిండికంటే గట్టి. గరిటెతో ఎత్తి వంచితే ముద్దముద్దగా పడాలి. ఉప్పు, జీలకర్ర కలపండి. పులియబెట్టక్కర్లేదు. నేను గంట ఆగుతాను, ఆ గంటలో రవ్వ పిండిలో ఇమిడిపోతుంది.

మూకుడు పొయ్యిమీద పెట్టి మూడు చెంచాల నూనె పోసి, అంచులదాకా పాకేలా తిప్పండి. నూనె బాగా కాగాక పిండి వేసి పైన తడిచేత్తో సర్దండి. మందం ఒకటిన్నర నుంచి రెండంగుళాలు. రెండు నిమిషాలు మధ్యస్థం మంట మీద ఉంచితే అడుగు బిగుస్తుంది. ఆ తర్వాత మంట వీలైనంత సన్నగా తగ్గించి, బరువైన మూత పెట్టి, ఇరవై నుంచి ఇరవై ఐదు నిమిషాలు వదిలేయండి. మన గ్యాస్ పొయ్యికి పైన నిప్పులు లేవు కదా, ఆ పని మూత కింద నిలిచే ఆవిరి చేస్తుంది. అందుకే మూత సందు లేకుండా కూర్చోవాలి, మధ్యలో తీయకూడదు.

పైభాగం తడి తగ్గి, వేలితో తాకితే అంటుకోకుండా ఉంటే తిప్పే సమయం వచ్చినట్టు. అట్లకాడతో అంచులు చుట్టూ వదులు చేసి, మూకుడు మీద పళ్ళెం బోర్లించి, గుడ్డతో రెండు చేతులా పట్టుకుని తిరగేయండి. మిగిలిన చెంచా నూనె మూకుట్లో వేసి, రొట్టెని పళ్ళెంలోంచి మెల్లగా జార్చండి. ఈసారి మూత వద్దు. సన్నమంట మీద పది, పన్నెండు నిమిషాలు. చాకు మొన మధ్యలో గుచ్చి తీస్తే పొడిగా రావాలి. దించాక ఐదు నిమిషాలు ఆగి కోయండి. వేడిమీద కోస్తే లోపలి ఆవిరికి ముక్క అణిగిపోతుంది.

గోదావరి వైపు దీన్ని తేనెపాకంతో, అంటే చెరకురసం కాచిన పాకంతో తింటారు. దొరక్కపోతే వంద గ్రాముల బెల్లాన్ని పావుకప్పు నీళ్ళలో కరిగించి, వడకట్టి, వేళ్ళకి జిగురుగా తగిలేదాకా మరిగించుకోండి. కారం కావాలనేవాళ్ళకి అల్లం పచ్చడి. చెంచా చొప్పున శనగపప్పు, మినప్పప్పు, ఎనిమిది ఎండుమిరపకాయలు నూనెలో వేయించి తీయండి. అదే నూనెలో యాభై గ్రాముల అల్లం ముక్కలు పచ్చివాసన పోయేదాకా వేపండి. అన్నీ కలిపి, వేణ్ణీళ్ళలో నానిన నలభై గ్రాముల చింతపండు, డెబ్భై గ్రాముల బెల్లం, ఉప్పుతో మెత్తగా రుబ్బి పోపు పెట్టండి. రెండూ పక్కపక్కన ఉంటే మా ఇంట్లో పిల్లలు పాకం వైపు, పెద్దవాళ్ళు పచ్చడి వైపు.

మధ్యాహ్నం: ఒకే కుక్కర్లో టమాటా పప్పు, అన్నం, పక్కన బెండకాయ వేపుడు

రొట్టె బరువైన టిఫిన్ కాబట్టి భోజనం తేలిగ్గా ఉండాలి. కుక్కర్ గిన్నెల్లో కిందదానిలో గ్లాసు కందిపప్పు, రెండున్నర గ్లాసుల నీళ్ళు, నాలుగు టమాటాలు, మూడు పచ్చిమిరపకాయలు, పసుపు, అర చెంచా నూనె. పైగిన్నెలో రెండు గ్లాసుల సోనామసూరికి నాలుగు గ్లాసుల నీళ్ళు, కొత్త బియ్యమైతే అరగ్లాసు తగ్గించండి. నాలుగు కూతలు వచ్చాక మంట తగ్గించి ఐదు నిమిషాలు ఉంచి ఆపండి. ఉప్పు, చింతపండు రసం పప్పు మెదిపిన తర్వాతే. పులుపు ముందే ఎక్కువైతే పప్పు ఉడకడానికి మొరాయిస్తుంది. టమాటాల పులుపువరకు కుక్కర్ ఒత్తిడికి లొంగిపోతుంది, చింతపండు కూడా తోడైతే బద్దలు బద్దలుగా ఉండిపోతుంది. పులుసు పోశాక ఐదు నిమిషాలు మరగనిచ్చి, నేతిలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, ఇంగువ, కరివేపాకుతో పోపు.

బెండకాయ వేపుడు జిగురు రాకుండా చేయడానికి మూడు జాగ్రత్తలు. అరకిలో కాయలు ముందే కడిగి, గుడ్డతో తుడిచి, ఆరాకే కోయాలి. వెడల్పు మూకుట్లో ముక్కలు ఒకదానిమీద ఒకటి పడకుండా పరిచి, మూత పెట్టకుండా వేపాలి. ఉప్పు చివర్లోనే వేయాలి. ఉప్పు ముందు పడితే ముక్క నీరు వదులుతుంది, ఆ నీరే జిగురు. మూడు పెద్ద చెంచాల నూనెతో పావుగంటలో అంచులు ఎర్రబడతాయి. అప్పుడు నాలుగు చెంచాల వేయించిన పల్లీలు, రెండు చెంచాల ఎండుకొబ్బరి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చెంచా కారం కలిపి బరకగా పొడిచేసి చల్లండి. ఉప్పు వేసి రెండు నిమిషాల్లో దించేయండి.

పాత కుక్కర్‌ని ఓవెన్‌గా మార్చడం

మూడు గంటలకి ఈ పని మొదలుపెడితే ఐదింటి టీకి కేకు, ఆ వెనకే బిస్కెట్లు అందుతాయి. రోజూ పప్పు వండే కుక్కర్ దీనికి వాడకండి. పక్కన పడేసిన పాత ఐదారు లీటర్ల కుక్కర్, లేదా మందపాటి అడుగున్న పెద్ద డేగిసా, దానికి సరిపోయే మూత చాలు. నీళ్ళు లేకుండా వేడిచేస్తే గిన్నె రంగు మారుతుంది కాబట్టి దీన్ని ఇక బేకింగ్‌కే ఉంచేయండి.

కుక్కరైతే రబ్బరు, విజిల్ రెండూ తీసేయాలి. ఇది మర్చిపోకూడని మాట. మొదటిసారి నేను రబ్బరు తీయకుండా పెట్టాను. పావుగంటలో కాలిన రబ్బరు వాసన కేకంతా పట్టేసింది, పారేయాల్సి వచ్చింది. వాసనతో పోయింది కాబట్టి సరిపోయింది. విజిల్ కూడా ఉంటే లోపలి ఆవిరికి దారి ఉండదు, అది ప్రమాదం.

అడుగున కిలో రాళ్ళ ఉప్పు పరవండి. దానిమీద రెండంగుళాల ఎత్తు స్టాండు పెట్టండి. మంట వేడి ఒకేచోట తగలకుండా ఉప్పు అడుగంతా పంచుతుంది, ఒకసారి వేడెక్కితే తొందరగా చల్లారదు. అమ్మమ్మ బొగ్గులు చేసిన పని ఇదే. మూత పెట్టి మధ్యస్థం మంట మీద పది నిమిషాలు వేడిచేయండి. ఆ ఉప్పు మళ్ళీ కూరలోకి వాడకండి, చల్లారాక డబ్బాలో పోసుకుంటే ఎన్నిసార్లయినా ఇదే పనికి వస్తుంది.

గుడ్డు లేని అరటిపండు, బెల్లం కేకు

మొదటి కేకుగా దీన్నే ఎందుకు చెబుతానంటే, చిన్న పొరపాటు జరిగినా ఇది మన్నిస్తుంది. తొక్కమీద నల్ల మచ్చలు పడి ఎవరూ ముట్టుకోని పండ్లు ఇందులో బంగారం. చక్కెరకేళి అయితే వాసనే వేరు. మామూలు పచ్చ అరటిపండైనా బాగా మగ్గి ఉంటే చాలు.

ముందుగా ఏడంగుళాల కేకు గిన్నెకి నూనె రాసి అడుగున బటర్ పేపర్ పరవండి. రెండు పెద్ద పండ్లు (గుజ్జు 200 గ్రాములు) ముద్దచేసి, 120 గ్రాముల బెల్లం పొడి, అరకప్పు పెరుగు, మూడోవంతు కప్పు వాసనలేని నూనె వేసి బెల్లం కరిగేదాకా గిలకొట్టండి. వేరే గిన్నెలో ఒకటిన్నర కప్పుల గోధుమపిండి (సుమారు 190 గ్రాములు), చిన్న చెంచా బేకింగ్ పౌడర్, అర చిన్న చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి రెండుసార్లు జల్లించండి. సోడా పెరుగులోని పులుపుతో కలిసినప్పుడు బుడగలు పుట్టిస్తుంది, ఆ బుడగలే కేకుని లేపుతాయి. అందుకే పొడులూ తడివీ కలిపాక గిన్నె పక్కన పెట్టుకుని ఫోన్ మాట్లాడుతూ కూర్చోకూడదు. నేరుగా వేడిలోకి వెళ్ళాలి.

పొడిపిండి తడిదాంట్లో వేసి, గరిటెతో అడుగునుంచి పైకి మడుస్తున్నట్టు కలపండి. పిండి కనబడకుండా పోగానే ఆపేయాలి. చపాతీ పిండిలాగా ఎక్కువసేపు కలిపితే సాగుడు పుట్టి కేకు రబ్బరులా వస్తుంది. గరిటెనుంచి బరువుగా, రిబ్బనులా జారాలి. మరీ గట్టిగా ఉంటే మూడు నాలుగు చెంచాల పాలు పోయండి. గోధుమపిండి ఒక్కో రకం ఒక్కోలా నీరు పీల్చుకుంటుంది కాబట్టి పాల కొలత మీ కంటికే వదిలేస్తున్నాను.

గిన్నెలో మూడింట రెండొంతులకి మించి నింపకండి. వేడెక్కిన కుక్కర్లో స్టాండు మీద జాగ్రత్తగా దించి, మూతపెట్టి, మంట సన్నగా చేసి నలభై నుంచి యాభై నిమిషాలు ఉంచండి. మొదటి అరగంట మూత తీయొద్దు. లోపల ఇంకా పిండి బిగుసుకోకముందే చల్లగాలి తగిలితే మధ్యలో కుంగిపోతుంది. నలభై నిమిషాలకి సన్నటి పుల్ల గుచ్చి చూడండి. ఒకటి రెండు పొడి రేణువులతో వస్తే అయిపోయినట్టే, తడిపిండి అంటితే ఇంకో ఐదు నిమిషాలు. పైభాగం బేకరీ కేకులా ఎర్రబడదు, ఎందుకంటే పైనుంచి సెగ తక్కువ. అది లోపం కాదు. బోర్లించి పెడితే అడుగున వచ్చిన రంగు పైకొస్తుంది. పావుగంట గిన్నెలోనే చల్లారనిచ్చి తీయండి. ఓవెన్ ఉన్నవాళ్ళు 175 డిగ్రీల దగ్గర నలభై నిమిషాలు.

ఉస్మానియా బిస్కెట్లు

హైదరాబాద్ ఇరానీ హోటళ్ళలో చాయ్ పక్కన ఇచ్చే ఈ బిస్కెట్‌కి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరే వచ్చింది. నాకు ఇది ప్రపంచంలోని బిస్కెట్లన్నిటిలోకీ ఇష్టం. తీపి నాలుక మీద ఆనేలోపే ఉప్పు తగులుతుంది, ఆ తర్వాత వెన్న. ఈ ఉప్పు లేకపోతే అది మామూలు వెన్న బిస్కెట్, ఉస్మానియా కాదు. కాబట్టి ఉప్పు విషయంలో జంకొద్దు.

కావలసినవి: 150 గ్రాముల మైదా, 100 గ్రాముల వెన్న, 60 గ్రాముల చక్కెర పొడి, రెండు పెద్ద చెంచాల చొప్పున కస్టర్డ్ పౌడర్, పాలపొడి, అర చిన్న చెంచా చొప్పున ఉప్పు, బేకింగ్ పౌడర్, కొంచెం యాలకుల పొడి, రెండు చెంచాల పాలలో నానబెట్టిన కుంకుమపువ్వు చిటికెడు. కొన్న వెన్నలో ఉప్పుంటే విడిగా వేసే ఉప్పు సగానికి తగ్గించండి. ఇంట్లో చిలికిన వెన్నయితే చల్లటి నీళ్ళలో రెండుసార్లు కడిగి, చెంచాతో నొక్కి మజ్జిగ పూర్తిగా తీసేయాలి. ఆ తడి మిగిలితే బిస్కెట్ గుల్లగా రాదు.

1. వెన్న ఫ్రిజ్‌లోంచి ముందే తీసి ఉంచండి. వేలు నొక్కితే గుంట పడాలి, కరిగి జారకూడదు. చక్కెర పొడి వేసి తెల్లబడి నురగలా అయ్యేదాకా నాలుగైదు నిమిషాలు గిలకొట్టండి.

2. మైదా, కస్టర్డ్ పౌడర్, పాలపొడి, ఉప్పు, బేకింగ్ పౌడర్, యాలకుల పొడి జల్లించి అందులో వేయండి. కస్టర్డ్ పౌడర్లో ఎక్కువభాగం మొక్కజొన్న పిండే. అది మైదా సాగుడు తగ్గించి, నోట్లో వేసుకోగానే విరిగేలా చేస్తుంది. పసుపురంగు కూడా దాన్నుంచే.

3. వేళ్ళతో దగ్గరకి తీయండి, పిసకొద్దు. ముద్ద కాకపోతే కుంకుమపువ్వు పాలు ఒక్కో చెంచా. ఒక చెంచా పాలు పైన రాయడానికి మిగల్చండి.

4. కవర్లో చుట్టి అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. కేకు పొయ్యిమీద ఉండే సమయం దీనికి సరిగ్గా సరిపోతుంది.

5. పావంగుళం మందంగా ఒత్తి, టీ గ్లాసు అంచుతో గుండ్రాలు కోసి, కుక్కర్లో పట్టే పళ్ళెంలో బటర్ పేపర్ మీద వేలెడు దూరం వదిలి పేర్చండి. పైన కుంకుమపువ్వు పాలు రాయండి. ఒక్కో వాయికి ఐదారు పడతాయి. మిగతా ముద్ద ఫ్రిజ్‌లోనే ఉండాలి.

6. కేకు తీసిన వేడి కుక్కర్లోనే పెట్టి, సన్నమంట మీద పద్ధెనిమిది నుంచి ఇరవై రెండు నిమిషాలు. ఓవెన్లో అయితే 170 డిగ్రీల దగ్గర పద్నాలుగు, పదహారు నిమిషాలు. అంచులు బంగారు రంగుకి తిరిగితే తీసేయండి.

తీసినప్పుడు మెత్తగా ఉంటాయి. కాలలేదని మళ్ళీ లోపల పెట్టేవాళ్ళని చూశాను. పెట్టొద్దు. వెన్న చల్లారుతుంటేనే బిస్కెట్ బిగుస్తుంది, పావుగంట పళ్ళెంలోనే వదిలేయండి. కాలేటప్పుడు పరుచుకుపోయి ఒకదానికొకటి అతుక్కుంటే ముద్ద సరిగ్గా చల్లబడలేదని అర్థం, తర్వాతి వాయి పళ్ళెంతో సహా పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి కాల్చండి. అడుగు నల్లబడితే మంట ఇంకా తగ్గించి, పళ్ళెం కింద ఇంకో ఖాళీ పళ్ళెం పెట్టండి.

పూర్తిగా చల్లారిన బిస్కెట్లు స్టీలు డబ్బాలో మూత బిగించి పెడితే వారం, పదిరోజులు కరకర పోదు. గోరువెచ్చగా ఉన్నప్పుడే డబ్బాలో వేస్తే తెల్లారేసరికి మెత్తబడతాయి. కేకు బయట రెండురోజులు, ఎండాకాలమైతే ఒక్కరోజే, ఆ తర్వాత ఫ్రిజ్‌లో. దిబ్బరొట్టె ముక్కలు మిగిలితే రాత్రే ఫ్రిజ్‌లో పెట్టి, సోమవారం పొద్దున వేలెడు మందం ముక్కలుగా కోసి, పెనం మీద చెంచా నెయ్యి వేసి రెండువైపులా ఎర్రగా కాల్చండి. పిల్లల స్కూల్ బాక్సులోకి, పక్కన కాస్త అల్లం పచ్చడితో, పది నిమిషాల్లో అయిపోతుంది.